గడి లేని మాట

పెట్టె మూత తెరిచిన ప్రతిసారీ
గడియారం చూసి రాయాలి:
ఎన్నింటికి తెరిచాను, లోపల చలి ఎంత.
నాలుగు డిగ్రీలు. ఐదు. మళ్ళీ నాలుగు.
బయట, షిరే నది లోయలో, అక్టోబరు ఎండ
ఆసుపత్రి రేకులమీద పేలాలు వేయిస్తోంది.

ఎమ్మెస్సీ రెండో ఏడు. పన్నెండు వారాల ఇంటర్న్‌షిప్.
మెడలో కొత్త కార్డు, నోట్లో మా ఉత్తరాది యాస.
నా చిచేవా వినగానే బెంచీమీది తల్లులు
చితెంజే అంచు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్ళు.
"వెజ్జీ, నీ మాటకంటే సూదే నయం" అందొకావిడ.
సూది వేసేది నేను కాదు.
నేను రాస్తాను, అంతే.
బరువు, జ్వరం, పుట్టిన నెల,
సంతకం రానిచోట బొటనవేలు.

టైఫాయిడ్ టీకా. రెండు రకాల సీసాలు.
ఒకదాంట్లో మేం పరీక్షిస్తున్న మందు,
ఇంకోదాంట్లో వేరే జబ్బుకి ఎప్పటినుంచో ఉన్నది.
కాగితం చుట్టేసి అంకె మాత్రం వదిలేస్తారు.
ఏ బిడ్డకి ఏది వెళ్ళిందో
నాకు తెలియదు, నర్సు మెర్వెస్‌కి తెలియదు,
లిలోంగ్వేలో ఏదో సొరుక్కి తెలుసు,
దాని తాళంచెవి ఎవరి దగ్గరో మళ్ళీ తెలియదు.

క్లాసులో ఇది అరపేజీ.
మార్కులు బాగానే వచ్చాయి.
బల్లకి ఇవతల కూర్చున్నాక అర్థమైంది,
గానుగెద్దుకి ఎవరో గంతలు కడతారు,
మేం మా చేతులతో మేమే కట్టుకున్నాం.

మూడో వారం, ఎనెలెసి వచ్చింది.
రేవు దాటి, పిల్లాణ్ణి వీపున కట్టుకుని,
తోడుగా చేపలమ్మే మాలుంగాని వెంటబెట్టుకుని.
చదవడం రానివాళ్ళకి ఒక సాక్షి ఉండాలి కదా.
నాలుగు పేజీలు చదివి వినిపించాను.
మధ్యలో ఒక్కమాటా అడ్డం రాలేదు.
చివర్న అడిగింది: "వీడికి ఏది వేస్తారు?"
తెలియదన్నాను.
"నర్సుకి?"
ఆవిడకీ తెలియదు.
"ఇంత చదివి, ఇంత దూరం, ఐసులో పెట్టి మరీ
తెలియకుండా మోసుకొచ్చారా!"
మాలుంగా కిసుక్కున నవ్వాడు. నేనూ నవ్వబోయాను.

ఆమె నవ్వలేదు.
చేపల ధర చెప్పే గొంతుతో చెప్పింది,
పోయిన వానల్లో కూతురు, పన్నెండు రోజుల జ్వరం,
మలేరియా మాత్రలు, పొట్ట ఉబ్బడం.
ఏమైందని అడిగితే అందరూ తెలియదనే అన్నారట.
"వాళ్ళు తలుపు వైపు చూస్తూ అన్నారు.
నువ్వు నన్ను చూస్తూ అన్నావు.
వేలు ఎక్కడ పెట్టాలి?"

సిరాబిళ్ళ ముందుకి జరిపాను.
సరిగ్గా అప్పుడే లోంజెజో కాగితాలమీద
వెచ్చగా, తీరుబడిగా, ఒంటేలు పోశాడు.
నాలుగు పేజీలూ మళ్ళీ తీశాను,
మళ్ళీ చదివాను. నియమం.
రెండోసారి నా యాస కొంచెం తగ్గిందట, మాలుంగా అన్నాడు.

వెళ్తూ గుమ్మంలో ఆగింది.
"సొరుగు తెరిచాక నాకు చెప్తారా?"

ఆ మాటకి ఫారంలో గడి లేదు.
పక్కన ఖాళీలో రాశాను:
ఫలితం వచ్చాక తల్లికి చెప్పాలి.
సాయంత్రం సూపర్‌వైజర్ చూసి
మర్యాదగానే అన్నాడు,
అంచుల్లో రాసింది కంప్యూటర్‌లోకి పోదని.
ఏ ఊళ్ళో, ఏ పిల్లకి ఏది అని
ఒక్కొక్కరికీ చెప్పడం పథకంలో ఉందో లేదో
చూడాలని. చూస్తానన్నాడు. నేను వెళ్ళేదాకా చూడలేదు.

చివరి వారమంతా వరసలు సరిచూడడమే.
నాలుగువందల పదిహేడు: మగ, పద్నాలుగు నెలలు.
మూడు సందర్శనలు, జ్వరం సున్నా.
ఆ సున్నా దగ్గర చాలాసేపు ఉండిపోయాను.
మందు పనిచేసిందా,
నీళ్ళు బాగున్నాయా,
లేక వాడి అదృష్టమా, సున్నా చెప్పదు.
వెయ్యి సున్నాలు పక్కపక్కన నిలబడితే
అప్పుడేమన్నా చెప్తాయేమో.

సొరుగు తెరవడానికి ఇంకా రెండేళ్ళు.
అప్పటికి నేను ఎక్కడుంటానో.
ఆమెకి ఫోన్ లేదు.
నా సొంత నోటుబుక్కు చివరి పేజీలో
ఇలా రాసుకున్నాను:
మాలుంగా, చేపల కొట్టు, రేవు అవతల.
పొద్దున చేస్తే ఎత్తడు.
వలలు ఆరేసే వేళ చెయ్యాలి.